నసీమా అక్క రాసిన బ్యాచ్ ఫైల్

నిన్న పొద్దున మిల్లుకు వెళ్ళే బస్సులో ఉండగా నసీమా అక్క భర్త ఫోన్ చేశారు.

"మీ అక్క పోయిందమ్మా."

"ఎక్కడికి?" అన్నాను.

నిజంగానే అలా అడిగాను.

"నమాజుకు లేపుదామని పోయిన. లేస్తలేదు. గుండె ఆగిందంట" అన్నారు.

తర్వాతి స్టాప్‌లో దిగి మాన్విలో వాళ్ళింటికి తిరిగొచ్చాను.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. అక్క పుట్టినూరు రాయచూరు. పోతనాళ దగ్గర మా రైస్ మిల్లులో లారీలు, ట్రాక్టర్లు తూచే వేబ్రిడ్జి కంప్యూటర్ చూసేది. పక్క కుర్చీలో నాది బిల్లింగ్.

ఆ కంప్యూటర్లో రోజూ కమాండ్లు టైప్ చేసి మూడు కమాండ్ ప్రాంప్ట్ విండోలు తెరవాలి. ఒకటి కాటా నుంచి బరువు తీసుకుంటుంది. ఒకటి దాన్ని నా బిల్లింగ్‌కు పంపుతుంది. ఇంకోటి స్లిప్ ప్రింట్ చేస్తుంది. వరుస తప్పితే బరువు సున్నా. మూడూ నల్లగా, ఒకేలా ఉంటాయి.

షుగర్ వల్ల అక్క చూపు తగ్గుతూ వచ్చింది. ఏది ఏదో తెలియక ఒకసారి తప్పు విండో మూసేసింది. మా ఓనర్ కోప్పడలేదు. "కొన్నాళ్ళు ఇంటి దగ్గర రెస్ట్ తీసుకోమ్మా" అన్నాడు, అంతే.

అక్క ఆ రోజు అన్నం తినలేదు.

"రెస్ట్ అంటే ఏంది? ఇగ రావొద్దనుడే కదా" అంది నాతో.

వారం తిరక్కుండా బ్యాచ్ ఫైల్, అంటే ఆ కమాండ్లన్నీ వరుసగా ఉండే చిన్న ఫైల్, రాసింది. ఒక్క డబుల్ క్లిక్ చేస్తే మూడు విండోలూ వాటంతటవే వరుసగా, మధ్యలో కొంచెం గ్యాప్‌తో తెరుచుకునేవి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. పని మొదలవగానే ఒక్కోదానికి ఒక్కో రకం మోత.

ఐస్‌క్రీమ్ బండిలా ఉందని నవ్వాను.

"నవ్వు, నవ్వు. నాకు ఇనబడాలె, అంతే."

కోతల టైమ్‌లో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. కరెంట్ పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. బయట వడ్ల ట్రాక్టర్ల లైను. కాటా దాటితేనే షెడ్డులోకి వెళ్ళేది. అందులో మా నాన్న ట్రాక్టరూ ఉంది.

నాన్న కిటికీ దగ్గరకొచ్చాడు. "అమ్మాయ్, ఇంకెంతసేపు? వడ్లు తడిసిపోతన్నాయ్!"

జనరేటర్ వేశారు. కంగారులో అక్క ఫైల్ సంగతే మరిచిపోయి నేను వరుస తప్పి ఒక్కో విండో తెరిచాను. బరువు సున్నా.

"జరుగు బేటా" అంది అక్క.

అన్నీ మూసేసి డబుల్ క్లిక్ చేసింది. కళ్ళు మూసుకుని వింది. రెండు మోతలు వచ్చాయి. మూడోది రాలేదు.

"ప్రింటర్ పలుకుతలేదు. వైర్ చూడు."

వైరు ఊడి ఉంది. పెట్టాను. మోత వచ్చింది. ట్రాక్టర్లు కదిలాయి.

ఆ తర్వాత రెస్ట్ మాట ఎవరూ ఎత్తలేదు.

పోయిన వారం అక్క సెలవులో ఉంది. కాటా దగ్గర కొత్తగా పెట్టిన కెమెరా ప్రోగ్రామ్‌ను కూడా ఆ ఫైల్‌లో కలపాలని నేనే కూర్చున్నాను. రన్ చేస్తే ఖాళీ నల్ల విండో ఒకటి వచ్చి ఊరుకుంది. ఫోన్ చేశాను.

"స్టార్ట్ కమాండ్ పక్కన ఖాళీ కోట్స్ పెట్టినవా? లేకుంటే మొదటి కోట్స్‌ల ఏముంటే దాన్నే విండో పేరనుకుంటది."

పెట్టాను. కెమెరా తెరుచుకుంది.

"వచ్చింది అక్కా!"

"వస్తదని నాకెర్కనే. ఇగ నన్ను అడుగుడెందుకు, నువ్వే రాసుకో" అని నవ్వింది.

మేం మాట్లాడుకున్నది అదే ఆఖరు.

నిన్న సాయంత్రం ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చారు. ఇంట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు అక్క కూతురు అడిగింది, వాళ్ళమ్మ మిల్లులో ఏం చేసేదని. ఇదంతా చెప్పాను.

అమ్మాయి నా వైపు తిరిగింది.

"అమ్మికి అంత తక్కువ కనబడుతుండెనా ఆంటీ? ఇంట్ల ఎన్నడూ చెప్పలే."

తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పోయి రా నసీమా అక్కా. అక్కడ నీకు ఏ దిగులూ లేకుండా, నిమ్మళంగా ఉండాలి.