బంగళాలో ఖాళీ ఉయ్యాల

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. హాస్టల్లో అందరూ భయపడే చివరి గదిని ఏరి కోరి తీసుకున్నదాన్ని నేను. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

కోకాపేటలో మా కొత్త ఫ్లాట్‌కి ఇంటీరియర్స్ చేయించాలి. గచ్చిబౌలి దాటాక, అద్దాల ఆఫీసుల మధ్య ఎలాగో మిగిలిపోయిన ఒక జాగీర్దారు బంగళా ఉంది. ప్రదర్శన కోసం అందులో ఒక్కో గదిని ఒక్కో డిజైనర్‌కి ఇచ్చి అలంకరింపజేశారని తెలిసి, ఐడియాలు దొరుకుతాయని ఆదివారం పొద్దున వెళ్ళాం. నేను, మా ఆయన కిరణ్, మా అత్తగారు, ఏడు నెలల పాప ఆద్య.

పాప కారులోనే నిద్రపోయింది. కిరణ్ దాన్ని భుజాన వేసుకుని కింద వరండాలో కూర్చున్నాడు. నేను, అత్తగారు మేడ మీదికి వెళ్ళాం.

బాగానే చేశారు. సున్నపు గోడలకి పూల వాల్‌పేపర్, పాత దూలాలకి కొత్త లైట్లు. చివరి గదిని పిల్లల గదిగా తీర్చారు. మధ్యలో ఇత్తడి గొలుసులతో చెక్క ఉయ్యాల వేలాడుతోంది. బంగళాలో దొరికిన పాత ఉయ్యాలకే పాలిష్ పెట్టించారని పక్కన బోర్డు. లోపల తెల్లటి బొంత తప్ప ఏమీ లేదు.

బోర్డు చదువుతూ, ఊరికే చేత్తో ఉయ్యాల ఊపాను.

"ఖాళీ ఉయ్యాల ఊపకూడదమ్మాయ్! పిల్లకి మంచిది కాదు," అన్నారు అత్తగారు.

ఆవిడ చాదస్తం నాకు అలవాటే. బారసాల రోజున పాపని పడుకోబెట్టే ముందు, ఉత్త ఉయ్యాల ఊపకూడదని రుబ్బురోలు పొత్రం పెట్టి ఊపించారు. పొత్రానికి కూడా పేరు పెడదామా అని ఆ రోజంతా ఆవిడని ఏడిపించాను. ఇప్పుడూ నవ్వి, ఆవిడ చూస్తుండగానే కావాలని ఇంకోసారి గట్టిగా ఊపాను.

ఈసారి అది తేలిగ్గా వెళ్ళలేదు. మా ఇంట్లో పాప పడుకున్నప్పుడు ఉయ్యాల ఎలా బరువుగా వెళ్ళి నిదానంగా వెనక్కి వస్తుందో, అచ్చం అలాగే వచ్చింది. గొలుసులు కిర్రుమన్నాయి. ఆ బరువు నా చేతికి తెలిసిన బరువే. బొంత మధ్యలో చిన్న గుంట పడి ఉంది.

అప్పుడే కింద నుంచి కిరణ్ అరిచాడు. "పాప లేవట్లేదు! త్వరగా రా!"

మెట్లు ఎలా దిగానో తెలియదు. పాప మెడ వాల్చేసి ఉంది. ఊపిరి ఆడుతోంది, ఒళ్ళు వెచ్చగానే ఉంది. బుగ్గలు తట్టినా, అరికాళ్ళు గిల్లినా కదలదు. అక్కడ ఊడుస్తున్న ఆమె పరుగెత్తుకొచ్చి, "పాపకేమైందమ్మా? జర మొఖం మీద నీళ్ళు కొట్టుండ్రి," అంటూ సీసా అందించింది. నీళ్ళు చల్లినా కళ్ళు తెరవలేదు. నా బిడ్డ నాకు దక్కదేమోనని గుండెలకి అదుముకున్నాను.

అత్తగారు కిందికి రాలేదు. పైనుంచి గొలుసుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి అది ఆగిపోయింది.

పాప కెవ్వున ఏడ్చింది.

అత్తగారు గోడ పట్టుకుని దిగి వచ్చారు. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. "రెండు చేతులా పట్టుకున్నా ఆగలేదమ్మాయ్. నా మనవరాల్ని వదిలెయ్యమని దణ్ణం పెట్టుకున్నాక ఆగింది," అన్నారు. ఎవరికి దణ్ణం పెట్టారో నేను అడగలేదు.

నేరుగా ఆసుపత్రికి వెళ్ళాం. పరీక్షలన్నీ చేసి, ఏమీ లేదన్నారు డాక్టర్. గాఢ నిద్రలో పిల్లలు ఒక్కోసారి అలా ఉంటారట. కావచ్చు. పాత గొలుసులు బిగుసుకుని బరువుగా అనిపించి ఉంటుందంటాడు కిరణ్. అదీ కావచ్చు. మరి గొలుసుల చప్పుడు ఆగిన క్షణంలోనే పాప ఎందుకు ఏడ్చిందో ఎవరూ చెప్పలేదు.

కొత్త ఫ్లాట్‌లో ఉయ్యాల కొక్కెం వద్దన్నాను. పాప మా ఇద్దరి మధ్యే పడుకుంటుంది. పిల్ల హాయిగా నిద్రపోతే ఏ తల్లికైనా సంతోషమే. నేను మాత్రం లేపుతాను. ఏడ్చేదాకా లేపి, అప్పుడు జోకొడతాను.