కడగకుండా తెచ్చిన పుట్టగొడుగు

2011 వానాకాలం. నేను నారాయణగూడలోని ఒక కళాశాలలో వృక్షశాస్త్రం బోధించేదాన్ని. ఖాయంగా తెలిసినవి రెండే: నల్లమల అంచున ఉన్న తన ఊరి నుంచి యాదమ్మ తెచ్చి వండిన పుట్టగొడుగులను చిక్కడపల్లి బస్తీలో పక్కింటి పిల్లవాడు తిన్నాడు, తర్వాత వాంతులు చేసుకున్నాడు. ఆ కూరే కారణమన్నది విన్న మాట. ఆ మాటతోనే, భవన నిర్మాణ కూలీలకు వండిపెట్టే యాదమ్మ పని పోయేలా ఉంది.

పిల్లవాడి తల్లి అంజమ్మతో కలిసి యాదమ్మ మా ల్యాబ్‌కు వచ్చింది.

"గివి ఇసమా కాదా, జర చూసి చెప్పున్రి మేడం. నేను గూడ తిన్న, నాకేం కాలే."

"నీకేమైతది? రాళ్లు తిన్నా అరుగుతయ్ నీకు," అంది అంజమ్మ.

తెచ్చినవన్నీ మొదలు కోసి, మన్ను కడిగి ఉన్నాయి. అలా శుభ్రం చేసి తేవడమే వాళ్ల అలవాటు. నాకు కావలసింది సరిగ్గా ఆ కోసేసిన మొదలు. ప్రాణాంతకమైన అమానిటా రకం పుట్టగొడుగులకు అక్కడ వోల్వా అనే సంచిలాంటి తొడుగు ఉంటుంది. గొడుగును కాగితంపై బోర్లించి స్పోర్ ప్రింట్, అంటే రాలిన సిద్ధబీజాల ముద్ర, తీశాను. లేత గులాబీ రంగు వచ్చింది. అమానిటాల ముద్ర తెల్లగా ఉంటుంది కనుక అది ఊరటే; గులాబీ ముద్ర వేసే విషజాతులూ ఉన్నాయి కనుక రుజువు కాదు.

"మొదలుతో, మన్నుతో తేవాలి," అన్నాను.

"మన్నుతోనా? మా అత్త జూస్తే, ఇన్నేండ్లకు గూడ దీనికి కడుగుడు రాలే అంటది."

అయినా యాదమ్మ కూలి మానుకుని ఊరికి వెళ్లి, అదే రకాన్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. వోల్వా లేదు. చెదపుట్టలోకి దిగే పొడవాటి వేరులాంటి కాడ ఉంది. చెదలతో కలిసి బతికే టెర్మిటోమైసిస్ ప్రజాతి అది. అందులో విషజాతి ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు. ఆ మాటే చెప్పాను.

"మరి మావోనికి ఏమైంది?" అంది అంజమ్మ.

"తెలియదమ్మా."

"తెల్వనిది తెల్వదన్నరు. గందుకే మిగిలింది నమ్ముత," అని అంజమ్మ యాదమ్మ వైపు తిరిగి, "పా, మేస్త్రీకి నేనే చెప్త," అంది.

యాదమ్మ పని నిలిచింది.

సూక్ష్మదర్శిని కింద కొలతలూ, తర్వాత డీఎన్ఏ పోలికా అప్పటికి వర్ణించిన ఏ జాతితోనూ సరిపోలేదు. 2014లో కొత్త జాతిగా మా పత్రం అచ్చయింది. ఆమె తెచ్చినదాన్నే ఎండబెట్టి హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధారమైన నమూనాగా, భద్రపరిచాం. ఆ పత్రంలో కాడ మొదలు గురించిన ప్రతి వాక్యానికీ నేను యాదమ్మకు రుణపడి ఉన్నాను. చెప్పగలిగినంతే చెబితే చాలునని నేర్పినందుకు అంజమ్మకూ.

పిల్లవాడి వాంతులకు కారణం మాత్రం నేటికీ తెలియదు. భయంతో కూరంతా ఆరోజే మురుగు మోరీలో పారబోశారు. పరీక్షించడానికి ఆ కూర ఏమీ మిగలలేదు.