నాలుగో సాంచా కేసు

ఆ రోజుల్లో నేను ఒక గ్రహాన్ని నడుపుతున్నాను. భూమి నుంచి పని కోసం వెళ్లిన నాలుగొందల కుటుంబాలు, వాళ్ల మీద ఒక పెద్ద గాజు కప్పు, లోపలికి గాలి తెచ్చే గొట్టాలు. ఆ గొట్టాలను ఎవరో కోస్తున్నారు. కనిపెట్టడానికి భూమి నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ దిగాడు. నవల పన్నెండో అధ్యాయానికి వచ్చింది. కోసిందెవరో ఇన్‌స్పెక్టర్‌కే కాదు, నాకూ తెలియదు.

రాసేది ముంబై దగ్గరి భివండిలో, శాంతి నగర్‌లోని మా కార్ఖానాలో. నాన్నవి ఎనిమిది సాంచాలు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. నాలుగో సాంచా వెనక, పడుగు చుట్టిన బీము పక్కన, నూలు బస్తా మీద కూర్చుని, ఒళ్లో అటుకుల చివ్డా పొట్లం పెట్టుకుని రాసేవాణ్ణి. చివ్డా లేకపోతే నాకు ఒక్క వాక్యం కదలదు. అంత మోతలో ఎలా రాస్తావని అడుగుతారు. మోతలో ఎవరూ పలకరించరు, అదే సుఖం.

నవలకు పాఠకుడు ఒక్కడే, నాలుగో సాంచా నడిపే పనివాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాడు. కార్ఖానా వెనక మేమిచ్చిన ఒంటిగది ఖోలీలో భార్యాపిల్లలతో ఉండేవాడు. కరెంటు పోయినప్పుడల్లా నా చేత చదివించుకునేవాడు.

"గాలి లేనికాడికి ఎందుకు పోయిండ్రు తమ్మీ?"

"పని కోసం."

"గట్లయితే సరే. అక్కడ వారానికి ఒక్కనాడన్న సుట్టి ఉంటదా?"

"ఇంకా అనుకోలేదన్నా."

"ముందుగాల అది అనుకో. దొంగను ఎనుక సూద్దాం."

ఇంతలో నాన్నకు కంటి ఆపరేషన్ అయింది. పదిహేను రోజులు కార్ఖానా నా చేతికి వచ్చింది. మూడో రోజే నాలుగో సాంచా మీద పడుగు పోగులు గుత్తిగా తెగిపోయాయి. అతికి నడిపిస్తే రెండు రోజులకు మళ్లీ అక్కడే తెగాయి. బట్ట పాడైందని బాధపడాల్సింది. నిజం చెప్పొద్దూ, నాకు సంబరమేసింది. నాకో కేసు దొరికింది.

నోటుబుక్కు చివరి పేజీలో అనుమానితుల జాబితా రాశాను. నెల కిందట ఊరికి పోవడానికి అన్న సుట్టి అడిగితే నాన్న ఇవ్వలేదు. కాబట్టి కోపం ఉంది. రోజంతా ఆ సాంచా దగ్గరే ఉంటాడు. చేతిలో కత్తెర ఉంది. కత్తెర మిగతా వాళ్లందరికీ కూడా ఉంది కానీ అది జాబితాలో రాయలేదు.

అన్ననే అడిగాను.

"ఎలుక, తమ్మీ. పోగుల కొసలు సూడు, తెలుస్తది."

చూడలేదు. నేరం ఎలుక మీదికి తోస్తే ఏ పాఠకుడైనా పుస్తకం మొహాన కొడతాడు. పైగా మా ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ మనుషుల ముఖాలే చూస్తాడు. అలా రాసింది నేనే.

మూడోసారి తెగిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. అందరూ చాయ్ గ్లాసులు పట్టుకుని ఉన్నారు. ఇన్‌స్పెక్టర్లు నిజం బయటపెట్టేది అందరి ముందే కదా. లేచి నిలబడి, వేలు చూపించి, పోగులు కోసింది నువ్వేనన్నాను. మోత లేదు కాబట్టి చివరి సాంచా దాకా వినబడింది.

అన్న గ్లాసు కింద పెట్టాడు. "మంచిది సేటూ," అన్నాడు. అంతకు ముందు నన్ను ఎన్నడూ సేటూ అనలేదు. సాయంత్రానికి ఖోలీ ఖాళీ అయింది. నేను పదమూడో అధ్యాయం మొదలుపెట్టాను. భలే సాగింది.

వారానికి నాన్న కంటికి కట్టుతోనే వచ్చాడు. తెగిన కొసలను బొటనవేలితో తడిమాడు. "కత్తెరతోటి కోస్తే కొస సాఫ్‌గ ఉంటది. ఇది కొరికింది. ఎలుకరా." తర్వాత వంగి, బస్తా కిందికి చెయ్యి పోనిచ్చి, పిడికెడు చివ్డా బయటికి తీశాడు. "ఇక్కడ కూసోని తినేటోడెవడు?"

నా తల కొట్టేసినట్టయింది.

అన్న మాన్కోలి గోదాముల్లో మూటలెత్తుతున్నాడని తెలిసి వెళ్లాను. ఇరవై ఏళ్లు సాంచా మీద బతికిన మనిషి, మెడ వాచి ఉంది. చూడగానే ఏడుపొచ్చింది. తప్పు నాదే అన్నా, ఖోలీ అట్లనే ఉంది, రా అన్నాను.

"అందరు వినంగ దొంగన్నవు. ఇక్కడ నాకొక్కనికి చెప్తే ఏమొస్తది?" అన్నాడు. "కరెంటు ఉండంగ, సాంచలన్ని బంద్ వెట్టి, అందరి ముంగట చెప్పు సేటూ. అప్పుడొస్త."

మా నాన్న నా పెళ్లి రోజున కూడా సాంచాలు ఆపలేదు. అన్న అడిగింది ఆయనకు చెప్పాను. సోమవారం పొద్దున తనే వెళ్లి మెయిన్ స్విచ్ దించాడు.

ఎనిమిది సాంచాలూ చప్పబడ్డాయి. అన్న గుమ్మంలో నిలబడ్డాడు, వెనక భార్యాపిల్లలు.

"పోగులు అన్న కొయ్యలే," అన్నాను. "ఎలుకలు కొరికినయ్. వాటిని పిలిచింది నా చివ్డా. అన్న చెప్పిండు, నేనే వినలే. ఏ తప్పు లేని మనిషిని దొంగను చేసిన." ఎవరూ నవ్వలేదు. చివ్డా దగ్గర కూడా నవ్వలేదు.

అన్న లోపలికి వచ్చాడు. నాలుగో సాంచా వెనకకు వెళ్లి, బస్తా మీదున్న నా నోటుబుక్కు తీసి, దులిపి నా చేతికిచ్చాడు.

"బయట కూసోని రాస్కో తమ్మీ," అన్నాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు. "సేటూ, స్విచ్ ఎయ్యుండ్రి."