గేటు బయటికి వచ్చిన మీటరు

మా మిల్లులో ఇప్పుడు పనిచేస్తున్న కుర్ర మేనేజర్లు ధాన్యం తేమ కొలిచే మీటరు గేటు బయట ఎందుకుందని అడుగుతున్నారట. ఎండకీ దుమ్ముకీ పాడవుతుందని లోపలికి మార్చే ఆలోచనలో ఉన్నారని విన్నాను. మార్చకముందే జరిగింది రాసిపెట్టడం అవసరమనిపించింది.

నేను రిటైరు కావడానికి నాలుగేళ్ల ముందు, వానాకాలం కోతల సమయంలో, మిర్యాలగూడలోని ఈ బాయిల్డ్ రైస్ మిల్లులో కొనుగోలు మేనేజరుగా చేరాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగిలినదంతా సూర్యాపేట గ్రంథాలయంలో, ఆదివారాలు, పారిశ్రామికవేత్తలు రాసుకున్న అనుభవాలు చదివి నేర్చుకున్నదే. కొలవకుండా ఏ పనినీ బాగుచేయలేమని వాళ్లలో చాలామంది చెప్పారు. ఆ మాట నా నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

మా మిల్లులో తేమ చూసేది సైదులు. ట్రాక్టరులోంచి గింజ తీసి పంటితో కొరికి శాతం చెప్పేవాడు. తేమ పెరిగితే ధర తగ్గుతుంది కాబట్టి బేరమంతా ఆ గింజ మీదే. ఇది పాత పద్ధతి అనుకుని యజమాని ధనుంజయ గారిని ఒప్పించి మీటరు కొనిపించాను. దాన్ని నా గదిలో పెట్టాను. సైదులును ఆరబోత కళ్లానికి పంపాను. పోతూ అతను ఒక్కటే అన్నాడు: “దానికి పండ్లు లెవ్వు కద సార్, ఎట్ల కొరుకుతది?”

వారం తిరగకముందే ట్రాక్టర్లు మా గేటు దాటి వేరే మిల్లులకు పోసాగాయి. ధాన్యం లేకపోతే, దాన్ని ఉడికించే బాయిలర్ ఆర్పాలి. ఆర్పితే ఆ సీజన్‌కు కూలీలందరికీ పని పోతుంది. ధనుంజయ గారు బండ్లను మళ్లీ రప్పించడానికి నాలుగు రోజులు గడువిచ్చి, “పుస్తకాలు సదువుడు మంచిదే మేనేజరూ. గేటు గూడ జర సదువు,” అన్నారు.

మర్నాడు గేటు దగ్గరే నిలబడ్డాను. నడిగూడెం నుంచి వచ్చిన మంగమ్మ అనే రైతు, గదిలోంచి మా గుమాస్తా చెప్పిన అంకె విని, డ్రైవరును బండి తిప్పమంది. ఆపి కారణం అడిగాను.

“మిషిను మీది, అంకె సూసేది మీరు, ధర తగ్గించేది మీరే. ఇగ మాదేముంది గీడ? సైదులన్న అయితే నాలుగు గింజలు నా చేతిల గూడ పెట్టేటోడు, నేనూ కొరికి సూసేదాన్ని. కోదాడ మిల్లులు దగ్గరున్నా ఇంత దూరం వచ్చింది అందుకే.”

ఆ మధ్యాహ్నమే బల్లను గేటు బయట వేయించి, మీటరు ముఖం రైతు వైపు తిప్పించాను. సైదులును వెనక్కి పిలిచాను. ట్రాక్టరులో ఏ మూల నుంచి గింజ తీయాలో రైతే చెప్పాలి. మొదట సైదులు, రైతు కొరికి చెరో అంకె చెప్పాలి. వాటిని పలక మీద రాశాక మీటరు చూడాలి. తేడా ఎక్కువగా వస్తే మరో మూల నుంచి తీసి మళ్లీ చూడాలి. అప్పటిదాకా ఆపి ఉంచిన మంగమ్మ బండితోనే మొదలుపెట్టాం. సైదులు అంకెకు, మీటరుకు అర శాతమే తేడా. ఆమె బండి లోపలికి తోలించింది.

రెండో రోజుకు అక్కడ గుంపు చేరింది. సైదులు తప్పినప్పుడల్లా, “పొద్దున్నే కిళ్లీ ఏసినవానె?” అని రైతులు ఆటపట్టించేవారు. మూడో రోజు ధనుంజయ గారు తానూ కొరికి, మూడు శాతం తప్పారు. సైదులు తల వంచుకుని, “సేటూ, మీరు ఆఫీసుల కూసోండ్రి,” అన్నాడు. నాలుగో రోజు మా గేటు ముందు బండ్ల వరస రోడ్డు మీది దాకా పెరిగింది. బాయిలర్ ఆరలేదు.

పుస్తకాలు తప్పు చెప్పలేదు. కొలవాల్సిందే. కొలిచిన అంకె ముందుగా ఎవరికి కనబడాలన్నది నేను ఆలోచించలేదు. కొత్త పనిముట్టు వచ్చినప్పుడు పాత పద్ధతిలో పోకూడనిది ఏమిటో ఆ పద్ధతి వాడినవాళ్లనే అడగాలని నేర్చుకున్నాను.

పుస్తకాలు వెతికి ఇచ్చిన గ్రంథపాలకుడు యాదగిరి గారికి, గడువిచ్చిన ధనుంజయ గారికి, పిలవగానే తిరిగొచ్చిన సైదులుకు, బండి తిప్పబోయిన మంగమ్మకు కృతజ్ఞతలు. మీటరుకు ఎండ తగులుతుందనుకుంటే, దాని మీద ఒక రేకు వేయించండి.