కాపరి మెడ మీద కత్తి

ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన సుజాత హరికథలు చెబుతుంది. పాత కావ్యాల్లోని కథలంటే ఆమెకు ప్రాణం. వాటిలో కాపరి కథ ఒకటి. రాజు తొందరపడి ఒక గొర్రెల కాపరికి మరణశిక్ష వేస్తాడు. చచ్చేముందు కాపరి రాజుకు ఒక వర్తకుడి కథ మొదలుపెడతాడు. ఆ వర్తకుడు కోపంతో కొడుకును ఇంట్లోంచి గెంటబోతుంటే, అతని భార్య ఒక దొంగ గురించి కథ ఎత్తుకుంటుంది.

నిరుడు బుక్కరాయసముద్రం తిరునాళ్లలో ఆ కథ చెప్పమని పిలిచారు. తిరునాళ్ల కమిటీ పెద్ద శ్రీరంగప్ప ముందే ఒక మాట అన్నాడు.

"అమ్మా, జనానికి ఓపిక లేదు. దొంగ, వర్తకుడు ఎందుకు? రాజూ కాపరీ చాలు."

"వాళ్లను తీసేస్తే రాజు మనసు ఎందుకు మారిందో ఎట్ల తెలుస్తాదన్నా? చెప్తే అంతా చెప్తా. లేదంటే ఇంకొకరిని పిలుచుకో."

శ్రీరంగప్ప గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం కథ బాగా సాగింది. దొంగ గడప దగ్గర పట్టుబడే చోటికి వచ్చేసరికి ఎవరో నాయకుడి కార్లు వచ్చి ఆగాయి. ఆయన వేదికెక్కాడు. దండలు, శాలువాలు, ఉపన్యాసం. సగం మంది టీలకు లేచారు. మైకు తిరిగి సుజాత చేతికి వచ్చేటప్పటికి చీకటి పడింది.

హార్మోనియం వాయించే చంద్రమోహన్ ముందుకు వంగి, "అక్కా, నేరుగా రాజు దగ్గరికి పోదాం. అందరూ మర్చిపోయింటారు" అన్నాడు.

సుజాత తల అడ్డంగా ఊపింది. చిడతలు ఒకసారి మోగించి జనాన్నే అడిగింది. "ఏమప్పా, యాడుండాం మనం?"

ముందు వరుసలో బొరుగులు తింటున్న బయమ్మ అనే ముసలామె వెంటనే అందుకుంది. "దొంగ గడపకాడ దొరికిపోయినాడు. చెప్తాండేది వర్తకుని పెండ్లాం!"

"ఆ పెండ్లాం సంగతి చెప్తాండేది కాపరి!" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు.

"వాని మెడ మీద కత్తి ఉండాది, బిన్నా చెప్పమ్మా, ఆలస్యం చెయ్యద్దు!" అని ఇంకొకరు.

అందరూ నవ్వారు. సుజాతకు ఒళ్లంతా కొత్త బలం వచ్చింది. దొంగ ఆ ఇంటి పసిబిడ్డను పాము నుంచి కాపాడటానికే గడప దాటాడని చెప్పింది. అది విని వర్తకుడు కొడుకును వెనక్కి పిలుచుకున్నాడు. అదంతా విన్న రాజు కత్తి దించమన్నాడు. అప్పటికి టీలకు పోయినవాళ్లు కూడా వచ్చి నిలబడి వింటున్నారు.

మంగళహారతి అయ్యాక శ్రీరంగప్ప దగ్గరికొచ్చాడు. "ఇంతకీ ఆ దొంగ ఏమైనాడమ్మా?"

"వానిది వేరే కథ ఉండాదన్నా. నీకు ఓపికుంటే చెప్తా."

మర్నాటి సాయంత్రం పాటకచేరీని వెనక్కి జరిపి, వేదిక ఆమెకే ఇచ్చారు.