నా భయాలన్నీ అడిగి విన్న మేనేజరు గారు

ఫోను మోగితే నాకు ముందు గుండె దడ మొదలవుతుంది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చున్నానో లేదో మోగింది. నాతో పత్తి మిల్లులో పనిచేసిన కోటమ్మ. "మార్తక్కా, మేనేజరు గారు పోయారంట. గుంటూరులో ఇంటి దగ్గరే ఉంచారంట" అంది. మా ఊళ్ళో మిగిలిన పాతవాళ్ళం బస్సెక్కాం. నాది ఐదో తరగతి దాటని చదువు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఇది ఎనభైల్లో మాట. గింజ తీసే మెషీన్ల దగ్గరికి ఆడవాళ్ళం గంపలతో పత్తి మోసి, చేత్తో వేసేవాళ్ళం. ఆయన మేనేజరుగా వచ్చిన ఏడాదే, గాలితో పత్తిని లాగే పెద్ద గొట్టం పెడుతున్నారని తెలిసింది. గంపలు పోతే మేమూ పోతాం. మిరప కోతలున్నన్నాళ్ళు ఎలాగో గడుస్తుంది, ఆ తర్వాత ఏం తినాలి? నాకు మంచాన పడ్డ మొగుడు, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మిల్లంతా తిరిగేవారు. కనుబొమల మీద పత్తి నూగు అంటుకుని ఉండేది, దులుపుకునేవారు కాదు. ఎవరేం చెప్పినా మధ్యలో ఆపకుండా వినేవారు. మనం ఆగితే "తర్వాత?" అనేవారు.

గొట్టం బిగించిన రోజు నేను పక్కన నిలబడి అయ్యో అయ్యో అనుకుంటుంటే మేస్త్రీ విసుక్కున్నాడు. "నీ నోట మంచి మాట రాదా మార్తమ్మా? నిన్ను పెళ్ళికి పిలిస్తే పందిరి కూలుద్దంటావు." అందరూ నవ్వారు. మేనేజరు గారు మాత్రం నవ్వలేదు. నీ భయమేంటో చెప్పమ్మా అన్నారు.

బెల్టులో కొంగు పడుతుందేమో అన్నాను. తర్వాత అన్నారు. ఈ హోరులో మనిషి అరిచినా వినపడదు అన్నాను. తర్వాత అన్నారు. "పత్తిలో రాళ్ళుంటాయండి, ఇనప ముక్కలుంటాయి. మేమైతే ఏరేస్తాం. ఇది అన్నీ మింగేస్తుంది. లోపల నిప్పు లేస్తే ఎట్టాగండి?" అన్నాను. ఈసారి ఆయన తర్వాత అనలేదు.

నెలాఖరుకు ఆడకూలీలను ఆపేద్దామని ఓనరు గారి మాట. మర్నాడు మా ఎదురుగానే మేనేజరు గారు ఆయనతో అన్నారు: "గొట్టానికి కళ్ళు లేవండి. దాని ముందు వీళ్ళను కూర్చోబెడదాం." వాదన చాలాసేపు జరిగింది. చివరికి గొట్టం ముందు పొడుగాటి అరుగు కట్టించారు. దాని మీద పత్తి పరిచి, చెత్తా రాయీ ఏరి లోపలికి తోసే పని మాది. బెల్టుకు ఇనప జాలీ వచ్చింది, అరుగు పక్కన తాడు లాగితే మోగే గంట వచ్చింది. అందరికీ చోటు దొరకలేదు. కొందరు మళ్ళీ పొలాలకే పోయారు. వాళ్ళెలా ఉన్నారని ఆయన చివరిదాకా పేరుపేరునా అడుగుతుండేవారు.

ఒకసారి ఉండబట్టలేక, మీకు భయం వెయ్యదా అండీ అని అడిగేశాను.

"నాకూ భయమేనమ్మా. నేను పైకి అంటే మిల్లంతా బెదిరిపోతుంది. నీకు ఆ ఇబ్బంది లేదుగా, అందుకే నిన్ను అడుగుతాను" అన్నారు.

తర్వాత ఆయన వేటపాలెంలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి పెద్ద మేనేజరుగా వెళ్ళారు. అక్కడ గింజలు కాల్చే పద్ధతి మాన్పించి ఆవిరి మీద ఉడికించే పద్ధతి పెట్టాలి. వెళ్ళేముందు మా ఇంటి ముందు జీపు ఆపి, ఏం భయాలున్నాయో చెప్పమన్నారు. నేను చూడని ఫ్యాక్టరీ గురించి కూడా బోలెడు చెప్పాను. "జీపులో మనిషొస్తే మంచినీళ్ళైనా ఇవ్వకుండా ఆ ఏడుపేంటే" అని మా ఆయన మంచం మీంచి కేకలు. మేనేజరు గారు గడపలో నిలబడి అంతా విని, నీళ్ళు తాగి వెళ్ళారు. ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీకి మారినా ముందు మా ఇంటి దగ్గర ఆగేవారు.

మొన్న ఆయన్ని హాల్లో ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. చుట్టూ పెద్ద పెద్ద వాళ్ళు. నేను ఓ మూల నిలబడ్డాను. పెట్టె కరెంటు వైరు గుమ్మానికి అడ్డంగా నేల మీద పడి ఉంది. వచ్చేవాళ్ళు ఏడుస్తూ వస్తున్నారు, కిందికి ఎవరు చూస్తారు? చావు ఇంట్లో ఇదేం మాట అంటారేమోనని నోరు కుట్టేసుకున్నాను. ఒక ముసలాయన కాలు దానికి తగిలి తూలేసరికి ఇక ఆగలేక, మేనేజరు గారి అబ్బాయి దగ్గరికెళ్ళి చెప్పాను.

ఆ అబ్బాయి నా ముఖంలోకి చూశాడు. "మార్తమ్మగారా?" అన్నాడు. తనే నేల మీద కూర్చుని ఆ వైరును గోడ వారగా సర్ది, పైన చాప కప్పాడు.

ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరూ మేనేజరు గారి ముఖం చూసుకుంటూ నేరుగా ఆయన దగ్గరికి నడిచి వెళ్ళారు.