గళ్ల కింద లేని పేరు

మా వారపత్రికకు పదహారేళ్లు పదకేళి కట్టిన టీచరమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. కబురు వినగానే మా ఎడిటర్ నన్నడిగిన మొదటి మాట: "ఆమె ఇచ్చినవి ఇంకా ఎన్ని వారాలకున్నయయ్యా?" ఛీ! అప్పటికి పాడె కూడా కట్టలేదు. అంతకంటే రోత ఏమిటంటే, నేను సొరుగు తీసి లెక్కపెట్టి మరీ చెప్పాను, ఆరు అని.

టీచరమ్మ అనే రాస్తున్నాను. ఇన్నేళ్లూ పదకేళి కింద ఆమె అసలు పేరు వేయనివాడికి ఇప్పుడిక్కడ రాసే మొహం లేదు.

మౌలాలి నుంచి బస్సెక్కి సికింద్రాబాద్‌లో మా ఆఫీసుకు తనే తెచ్చేది. స్కేలు పెట్టి గీసిన గళ్లు, పక్కన అడ్డం, నిలువు ఆధారాలు. ప్రతి ఆధారాన్నీ ముందు కూరగాయలమ్మే ఆమెనో, బస్సులో పక్కసీటువాళ్లనో అడిగి చూసేది. "నిఘంటువు తీస్తే తప్ప దొరకని మాట పెడితే అది పదకేళి గాదు తమ్మీ, పొగరు," అనేది. "పెద్ద మాటలు ఎవరైనా కడ్తరు. రెండక్షరాల మాటకు ఆధారం రాసినప్పుడే మనిషి బుద్ధి బయటపడ్తది."

నా బుద్ధీ అట్లాగే బయటపడింది. ఒకసారి 'ఆలి' అనే జవాబుకు ఆమె "కష్టసుఖాల్లో సగం" అని రాసింది. నేను తెలివి మీరి దాన్ని "మొగుడి చెప్పుచేతల్లో ఉండేది" అని మార్చాను. పత్రిక వచ్చిన మర్నాడే ఆఫీసులో దిగింది.

"ఏందిది తమ్మీ? గిట్ల నేను రాసిన్నా?"

"జనం నవ్వుకుంటారని, టీచరమ్మా..."

"థూ! మీ ఇంట్ల ఆమెకు చదివి వినిపించినవా?"

వినిపించలేదు.

"ఇప్పటి సంది నా పేరు ఎయ్యి. పేరుంటే నన్నడగకుండ చెయ్యి పెట్టవు."

ఎడిటర్‌ను అడిగాను. "జాగా ఏదయ్యా, తలనూనె యాడ్ ఉంది," అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. ఆమె కూడా అడగలేదు, ఒక్క వారమూ తప్పలేదు.

మూడో రోజు మౌలాలి వెళ్లాను. సందు మొదట్లోనే ఫ్లెక్సీ. ఆమె ఫోటో చుట్టూ చేతులు జోడించిన గల్లీ లీడర్ల మొహాలు. కింద ఇంతింత అక్షరాలతో భర్త పేరు, పక్కన 'గారి సతీమణి' అని. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. ఒక్కొక్కణ్నీ మనసులో తిట్టుకుంటూ లోపలికి పోయాను.

ఆమె కూతురు మా పాత సంచికలు నేల మీద పరుచుకుని కూర్చుంది.

"అమ్మ పదకేళి రాస్తదంటే మా అత్తగారోళ్లు నమ్మలే అంకుల్. చూపిద్దామంటే ఏ పేపర్ల సుత అమ్మ పేరు కనబడ్తలేదు."

వేలు పెట్టి ఒక్కో పేజీ అడుగుదాకా వెతుకుతోంది. చివర్న 'పేజీ నిర్వహణ' అన్నచోట ఆ వేలు ఆగింది.

"మీ పేరైతే ప్రతి వారం ఉన్నది అంకుల్."